1/72 స్పిట్‌ఫైర్: రంగు, డెకాల్స్, లోపాల దిద్దుబాటు

ప్లాస్టిక్ మీద కంటికి ఆనని అతుకు గీత, రంగు పడగానే కొట్టొచ్చినట్టు కనబడుతుంది. డెకాల్ (నీళ్లలో తడిపి అతికించే గుర్తు) కింద చిక్కుకున్న గాలి మ్యాట్ కోట్ (మెరుపు లేని చివరి పూత) పడేదాకా నక్కి ఉండి, ఆ తర్వాత తెల్లగా మెరుస్తుంది. మోడల్ విమానాల పనిలో చికాకంతా ఇక్కడే ఉంది. ఒక దశలో జరిగిన తప్పు ఆ తర్వాతి దశలో గానీ బయటపడదు, అప్పుడు దిద్దాలంటే మూడింతల పని. అందుకే ఈ వ్యాసంలో ఏం చేయాలన్నదానితో పాటు, తర్వాతి పొర వేసే ముందు ఎక్కడ ఏం చూసుకోవాలో కూడా చెప్తున్నాం.

ఉదాహరణకు 1/72 స్కేల్‌లో, అంటే అసలులో 72వ వంతు సైజులో, రెండో ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ ఫైటర్ స్పిట్‌ఫైర్ మార్క్ 9 తీసుకుందాం. అసలు విమానం రెక్కల కొస నుంచి కొసకు 11.23 మీటర్లు, మోడల్‌లో అది దాదాపు 156 మిల్లీమీటర్లు. అరచేతిలో ఇమిడిపోతుంది. 1941 ఆగస్టు నుంచి బ్రిటిష్ ఫైటర్లకు వేసిన పగటి స్కీమ్ దీనికి సరిపోతుంది: పైన డార్క్ గ్రీన్, ఓషన్ గ్రే మచ్చలు, కింద మీడియం సీ గ్రే, రెక్కల ముందు అంచున బయటివైపు పసుపు పట్టీ, తోక ముందు స్కై రంగు పట్టీ. నేర్చుకోవాల్సిన పనులన్నీ ఈ ఒక్క విమానంలోనే ఉన్నాయి. తమియా వాళ్ల ఎక్స్‌ఎఫ్-81, ఎక్స్‌ఎఫ్-82, ఎక్స్‌ఎఫ్-83 రంగులు వరసగా డార్క్ గ్రీన్, ఓషన్ గ్రే, మీడియం సీ గ్రేలకే చేసినవి. స్కైకి ఎక్స్‌ఎఫ్-21. హంబ్రాల్ ఎనామెల్ వాడేవాళ్లకు డార్క్ గ్రీన్ 30, స్కై 90.

రంగుకు ముందు: అతుకులు, గుంటలు

కిట్‌లో ముక్కలన్నీ తగిలి ఉండే ప్లాస్టిక్ ఫ్రేమ్ నుంచి వాటిని కోయకముందే గోరువెచ్చటి నీళ్లలో రెండు చుక్కల గిన్నెల సబ్బు వేసి, పాత టూత్‌బ్రష్‌తో మెల్లగా రుద్ది ఆరబెట్టండి. అచ్చు నుంచి ముక్క ఊడిరావడానికి ఫ్యాక్టరీలో పూసే జిడ్డు మిగిలిపోతే, రంగు ఆ చోట పట్టదు. మాస్కింగ్ టేప్ తీసినప్పుడు పెచ్చుగా లేచి వస్తుంది.

స్పిట్‌ఫైర్ కిట్లలో తగువంతా రెక్క బాడీని కలిసే చోట. పైన సన్నని సందు, కింద వెనకంచు దగ్గర మెట్టు. లప్పం డబ్బా మూత తీసేముందు రెండు పనులు చేసి చూడండి. మొదటిది: సందు రెండు వైపులా ఉంటే, బాడీ లోపల అడ్డంగా ఒక ఫ్రేమ్ ముక్క పెట్టి గోడలను కాస్త బయటికి నెట్టండి. మిల్లీమీటరులో మూడో వంతు చాలు. రెండోది: జిగురు తడిగా ఉండగా ఒక రెక్క కొస నుంచి ఇంకో రెక్క కొసకు పైనుంచి టేప్ బిగించి లాగండి. రెక్కలు కాస్త పైకి లేచి, మూలలో సందు మూసుకుంటుంది. రెండు కొసలూ బల్ల నుంచి ఒకే ఎత్తులో ఉన్నాయా అని స్కేలు పెట్టి కొలిచాకే ఆరనివ్వండి. ఇలా మూసిన సందుకు లప్పం అక్కర్లేదు, దగ్గరున్న ప్యానెల్ లైన్లు (రేకులు కలిసే చోటును చూపే సన్నని గీతలు) అరిగిపోయే భయమూ ఉండదు.

అయినా మిగిలితే ఏది పూయాలన్నది సందును బట్టి ఉంటుంది.

ముక్కు పైకప్పు మధ్యలో వచ్చే అతుకుకు ఫెవిక్విక్, టాల్కం పౌడర్ సమానంగా కలిపిన ముద్ద బాగా పనిచేస్తుంది. మార్క్ 9లో ఇంజిన్ పై మూత ఒకే రేకు, కాబట్టి అక్కడ నడిమి గీత ఉండనే కూడదు. ఈ ముద్ద కుంచించుకుపోదు, పది నిమిషాల్లో గట్టిపడుతుంది. కానీ గంటలోపు రుద్దేయాలి. తెల్లారేదాకా వదిలేస్తే చుట్టూ ఉన్న ప్లాస్టిక్ కంటే గట్టిగా తయారవుతుంది. అప్పుడు ఎమరీ కాగితం ప్లాస్టిక్‌ను తినేస్తుంది, ముద్ద మాత్రం గట్టులా మిగులుతుంది.

కార్లకు రంగులేసే షాపుల్లో దొరికే ఎన్‌సీ లప్పం చిన్న గీతలకు, గుంటలకు పనికొస్తుంది. దాంట్లో ఉండే థిన్నర్ ప్లాస్టిక్‌ను కొంచెం కొరుకుతుంది, ఆరేకొద్దీ లప్పం కుంగుతుంది. అందుకే ఒకేసారి మందంగా పెట్టకూడదు. పల్చగా ఒక పూత, ఒక రోజు ఆరబెట్టడం, మళ్లీ ఇంకో పూత. తొందరపడి అదే రోజు రుద్ది రంగేస్తే వారం తర్వాత అక్కడ సన్నని లోయ కనిపిస్తుంది. దాన్ని దిద్దాలంటే రంగంతా మళ్లీ వేయాల్సిందే.

రెక్క మూలకు మాత్రం వాలెహో వాళ్ల నీటి పుట్టీ లాంటిదే హాయి. సందులోకి నింపి, తడిపిన ఇయర్‌బడ్‌తో ఎక్కువైంది తుడిచేయండి. ఎమరీ ముట్టుకోనక్కర్లేదు. నిజం విమానంలో అక్కడ గీత ఉందో లేదో మాత్రం ఫొటోల్లో చూసుకోండి. కొన్ని అతుకులు కిట్ తయారీదారు కావాలనే ప్యానెల్ గీత మీదికి తెస్తాడు. వాటిని పూడ్చేస్తే లేని తప్పు తెచ్చుకున్నట్టే.

రుద్దడానికి హార్డ్‌వేర్ షాపులో దొరికే వాటర్ పేపరే చాలు: 400తో మొదలెట్టి 600, 1000, చివరికి 2000. కాగితాన్ని ఐస్‌క్రీమ్ పుల్లకు అతికించి, నీళ్లు అద్దుకుంటూ రుద్దండి. ఒట్టి వేలితో రుద్దితే మెత్తటి లప్పం ఎక్కువ అరిగి గుంట పడుతుంది.

రుద్దినప్పుడు చెరిగిన ప్యానెల్ లైన్లను మళ్లీ గీయాలి. లేబుళ్లకు వాడే గట్టి డైమో టేపును గైడ్‌గా అతికించి, పిన్‌వైస్‌లో (సూదిని పట్టే చిన్న చేతి పిడిలో) బిగించిన సూది మొనతో ఐదారుసార్లు తేలిగ్గా లాగండి. మొదటి లాగుడుకే లోతు రావాలని నొక్కితే సూది పక్కకు జారి వంకర గాటు పడుతుంది. అలా జరిగితే ఆ గాటులో ఫెవిక్విక్ బొట్టు వేసి, రుద్ది, మళ్లీ గీయండి.

ప్రైమర్ వేయడం కాదు, చదవడం

ప్రైమర్ అంటే రంగు కింద వేసే తొలి పూత. మిస్టర్ సర్ఫేసర్ 1000 లేదా 1500ను మిస్టర్ లెవలింగ్ థిన్నర్‌తో ఒకటికి రెండు పాళ్లు పల్చన చేసి ఎయిర్‌బ్రష్‌తో కొట్టండి. లేదంటే తమియా ఫైన్ సర్ఫేస్ ప్రైమర్ డబ్బా వాడొచ్చు. ఆటో షాపుల్లో చౌకగా దొరికే ప్రైమర్ స్ప్రేలలో కొన్నింటి థిన్నర్ పాలీస్టైరీన్‌ను కరిగిస్తుంది. ముందు కోసి పారేసిన ఫ్రేమ్ మీద కొట్టి ఒక రోజు ఆగండి. ఉపరితలం చీమలు పాకినట్టు చిట్లితే దాన్ని మోడల్ దరిదాపులకు రానివ్వకండి.

ఆరాక గదిలో లైట్లార్పి, ఫోన్ టార్చిని మోడల్ పక్కనుంచి దాదాపు నేలబారుగా పట్టి, విమానాన్ని మెల్లగా తిప్పండి. సరిగ్గా ఎదురుగా పడే వెలుతురులో ఏదీ కనిపించదు. పక్కనుంచి పడే వెలుతురులో మాత్రం వెంట్రుకంత గీతకూ నీడ ఉంటుంది. ముక్కు మీద అతుకు, రెక్కల ముందు అంచులు, తోక కింద భాగం, లప్పం పెట్టిన ప్రతిచోటూ చూడండి. గోరు అడ్డంగా లాగితే తట్టుకుంటోందంటే పని మిగిలే ఉంది. లోపమున్న చోట పెన్సిల్‌తో చుక్క పెట్టి, సరిచేసి, ఆ చోట మాత్రం మళ్లీ ప్రైమర్ కొట్టండి. ఇలా మూడుసార్లు తిరగాల్సి వచ్చినా విసుక్కోవద్దు. ఇంతకంటే చౌకగా దిద్దుకునే అవకాశం ఇంక రాదు.

ఎయిర్‌బ్రష్, ఎండ, ముసురు

0.3 మిల్లీమీటర్ సూది ఉన్న ఎయిర్‌బ్రష్, 15 నుంచి 20 పీఎస్‌ఐ ఒత్తిడి, మోడల్‌కు ఆరేడు సెంటీమీటర్ల దూరం. తమియా ఎక్స్‌ఎఫ్ రంగు ఒక పాలుకు థిన్నర్ ఒకటిన్నర పాలు. కప్పు గోడ మీదికి తోసినప్పుడు పాలలా జారి, వెనక పల్చటి పొర వదిలితే పలుచదనం సరిపోయినట్టే. ముందు పాత ప్లాస్టిక్ చెంచా మీద కొట్టి చూశాకే మోడల్ వైపు తిప్పండి. మొదటి పొర మంచు పట్టినట్టు పల్చగా, కింద ప్రైమర్ కనబడుతూ ఉండాలి. ఐదు నిమిషాలు ఆగి రెండోది, మళ్లీ ఆగి మూడోది. ఒకే దెబ్బకు కప్పేద్దామనుకుంటే రంగు కారుతుంది.

మన వాతావరణానికి ఒక మాట ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే కిట్ పెట్టెలోని కాగితంలో ఇది ఉండదు. మే నెలలో 42 డిగ్రీల గదిలో కొడితే రంగు బొట్లు మోడల్‌ను చేరేలోపే గాల్లో సగం ఆరిపోతాయి. ఉపరితలం ఎమరీ కాగితంలా గరగరలాడుతుంది. తెల్లవారుజామున గానీ రాత్రి గానీ పని పెట్టుకోండి. తమియా మామూలు థిన్నర్ ఎక్స్-20ఏ బదులు నెమ్మదిగా ఆరే లెవలింగ్ థిన్నర్ వాడండి, దూరం కొంచెం తగ్గించండి. వానాకాలంలో, కోస్తా ఊళ్లలో, చిక్కు దీనికి తలకిందులు. థిన్నర్ ఆవిరయ్యేటప్పుడు ఉపరితలం చల్లబడి, గాలిలోని తేమ రంగు మీద చేరుతుంది. మెరవాల్సిన లాకర్ పాలిపోయి తెల్లటి మసక వస్తుంది. కంప్రెసర్ గొట్టంలోనూ నీరు చేరి ఉన్నట్టుండి బొట్టుగా ఉమ్ముతుంది, కాబట్టి తేమ పట్టే మాయిశ్చర్ ట్రాప్ తప్పనిసరి. మసక వచ్చేసినా కంగారు పడక్కర్లేదు. తేమ తగ్గిన రోజు ఉత్త లెవలింగ్ థిన్నర్‌ను పల్చగా మంచులా ఒక్కసారి కొడితే, పై పొర మెత్తబడి లోపలి తేమ వదిలి, మసక చాలావరకు పోతుంది.

లాకర్ థిన్నర్ ఆవిరిని గుడ్డ మాస్కు గానీ ఎన్95 గానీ ఆపదు. అవి ధూళికే. ఆర్గానిక్ వేపర్ క్యాట్రిడ్జ్ ఉన్న రెస్పిరేటర్ పెట్టుకోండి, కిటికీలు తీసి ఉంచండి. వంటింటి స్టవ్, దేవుడి దీపం, అగరుబత్తి ఉన్న గదిలో స్ప్రే అసలొద్దు.

ఎయిర్‌బ్రష్ లేకపోతే పని ఆగిపోదు. కుంచెకు మాత్రం తమియా ఆక్రిలిక్ మంచిది కాదు. రెండో పూత వేసేసరికి అందులోని థిన్నర్ కింది పూతను లేపేస్తుంది. వాలెహో లాంటి నీటి ఆక్రిలిక్‌ను పాలంత పల్చన చేసి, ఆరు మిల్లీమీటర్ల మెత్తటి బల్లపరుపు కుంచెతో మూడు నాలుగు పూతలు వేయండి. ప్రతి పూతకూ మధ్య కనీసం అరగంట విరామం, కుంచె నడక ఒక పూతకు నిలువు, మరో పూతకు అడ్డం. వేసిన చోటికి సగం ఆరాక మళ్లీ కుంచె తేవద్దు, చారలన్నీ దాంతోనే పడతాయి.

రంగుల వరస

లేత రంగు ముందు, ముదురు తర్వాత. పసుపు దేన్నీ కప్పలేని బలహీనమైన రంగు. బూడిద ప్రైమర్ మీద నేరుగా వేస్తే ఆకుపచ్చ ఛాయ వస్తుంది. రెక్కల ముందు అంచులకు మొదట తెలుపు, దాని మీద పసుపు. అదే సమయంలో తోక పట్టీ ఉండే చోట, ముక్కు కోన మీద స్కై. రెండూ ఒక రోజు ఆరాక టేపు మూసేయండి.

ఆ తోక పట్టీ అసలు వెడల్పు 18 అంగుళాలు, 1/72లో 6.35 మిల్లీమీటర్లు. తమియా టేపులో 6 మిల్లీమీటర్ల చుట్ట దొరుకుతుంది. దాన్నే చుట్టేస్తే 0.35 మిల్లీమీటరు తక్కువ, కంటికి పట్టదు. పట్టింపు ఉన్నవాళ్లు 10 మిల్లీమీటర్ల టేపును గాజుపలక మీద అతికించి కొత్త బ్లేడుతో కొలిచి కోసుకోవాలి. టేపు బాడీ చుట్టూ తిరిగొచ్చి తన కొసనే సరిగ్గా కలిసిందంటే నిలువుగా ఉన్నట్టు. పక్కకు వెళ్లిందంటే వంకర.

ఇప్పుడు కింద మీడియం సీ గ్రే, అది ఆరాక కింది భాగాన్ని మూసి పైన మొత్తం ఓషన్ గ్రే. టేపు అతికించాక అంచుల మీద కింద ఉన్న రంగునే మరోసారి పల్చగా కొట్టి, ఆ తర్వాతే కొత్త రంగు వేయండి. అంచు కిందికి జారేదేదో పాత రంగే జారి సందు మూసుకుపోతుంది, కొత్త రంగుకు దారి ఉండదు.

డార్క్ గ్రీన్ మచ్చలకు బ్లూ టాక్‌ను (కాగితాలు గోడకు అంటించే మెత్తటి జిగట ముద్దను) మూడు మిల్లీమీటర్ల మందంలో చేగోడీ పిండిలా పాము చేసి గీత వెంట పరవండి. పాముల మధ్య బూడిదగా మిగలాల్సిన భాగాన్ని టేపు, కాగితం ముక్కలతో మూసి, ఎయిర్‌బ్రష్‌ను నిలువుగా పట్టి కొట్టండి. పాము గుండ్రంగా ఉంటుంది కనక దాని అంచు కింద కొంచెం రంగు చేరి అంచు సన్నగా మెత్తబడుతుంది. బ్రష్‌ను పాము కిందికి దూరేలా వాల్చితే అంచు మరీ మసకబారి 1/72లో బొంతకుట్టులా కనిపిస్తుంది. బ్లూ టాక్‌ను వేసవిలో రాత్రంతా వదిలేయకండి, నూనె మరక దిగుతుంది. పని అయిన గంటలో తీసేయాలి.

టేపును నిట్టనిలువుగా పైకి లాగకూడదు. దాని మీదికే మడిచి, ఉపరితలానికి ఆనుకునేలా వెనక్కి లాగాలి. టేపు అతికించే ముందు రెండు మూడుసార్లు చేతికి అద్ది జిగట తగ్గిస్తే రంగు లేవడం అరుదు.

పడిన తప్పులకు మందు

నలుసు: ఆరాక 2000 వాటర్ పేపర్‌తో తడిగా ఆ చోటే రుద్ది మళ్లీ ఒక పొర. తడి రంగులోంచి వేలితో తీయబోతే గుంట పడుతుంది.

బత్తాయి తొక్కలా గుంటలు గుంటలుగా రావడం: రంగు చిక్కగా ఉంది లేదా ఒత్తిడి చాలలేదు. ఆరాక 1500తో సమం చేసి, ఇంకొంచెం పల్చన చేసి వేయండి.

సాలీడు కాళ్లలా రంగు పాకడం: మరీ దగ్గర నుంచి, మరీ పల్చటి రంగు. వెంటనే ఆపి ఆరనివ్వండి.

వేలిముద్ర: ఒక రోజు ఆరనిచ్చి 2000తో రుద్దాలి. చెమట చేతులతో మోడల్ పట్టుకోకుండా ఇంజిన్ ముందు రంధ్రంలో పుల్ల గుచ్చి పట్టుకుంటే ఈ బాధే ఉండదు.

టేపుతో పాటు రంగు పెచ్చు లేస్తే అంచు మెట్టులా నిలుస్తుంది. దాని మీద రంగు నింపినా గీత పోదు. అంచును 1500తో వాలుగా రుద్ది, గోరుకు తట్టుకోనంతగా సమం చేసి, ప్రైమర్ నుంచి మొదలెట్టండి.

ఇవేవీ కాక మొత్తం పాడైతే, తమియా ఆక్రిలిక్‌ను మందుల షాపులో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తుడిచేస్తుంది. ఎనామెల్ అయినా, పాతబడిన ఆక్రిలిక్ అయినా, నీళ్లు కలపని గోధుమరంగు డెట్టాల్‌లో రాత్రంతా నానబెడితే మెత్తబడుతుంది. గ్లవ్స్ వేసుకుని టూత్‌బ్రష్‌తో ముందు డెట్టాల్‌లోనే రుద్ది రంగంతా వదిలించాలి, ఆ తర్వాతే సబ్బు నీళ్లు. రంగు వదలకముందే నీళ్లు తగిలితే అంతా బంకలా మారి ప్యానెల్ లైన్లలో ఇరుక్కుంటుంది. అసిటోన్‌గానీ ఎన్‌సీ థిన్నర్‌గానీ వాడారంటే రంగుతో పాటు విమానమూ కరిగిపోతుంది. గాజు మూతను (పైలట్ కూర్చునే చోటి మీది పారదర్శక మూతను) ముందే తీసి పక్కన పెట్టండి.

డెకాల్స్

మ్యాట్ రంగును భూతద్దంలో చూస్తే కొండలు, లోయల్లా ఉంటుంది. డెకాల్ పొర కొండల మీద ఆనుతుంది, లోయల్లో గాలి మిగులుతుంది. పారదర్శకంగా ఉండాల్సిన అంచు వెండిలా మెరిసేది ఈ గాలి వల్లే. కాబట్టి డెకాల్స్ ముందు గ్లాసీ కోట్ తప్పదు. తమియా గ్లాసీ క్లియర్ ఎక్స్-22 ఒక పాలు, లెవలింగ్ థిన్నర్ రెండు పాళ్లు కలిపి, రెండు పల్చటి పొరల మీద ఒక తడి పొర వేయండి. కనీసం రెండు రోజులు ఆరాలి. టార్చి వెలుతురు మోడల్ మీద చుక్కలా ప్రతిఫలిస్తే ఉపరితలం సిద్ధంగా ఉంది. మసకగా చెదిరితే ఇంకో పొర కావాలి.

కిట్ పాతదైతే ముందు షీట్‌లో అక్కర్లేని ఒక గుర్తును నీళ్లలో వేసి చూడండి. ముక్కలుగా విడిపోతే మొత్తం షీట్ మీద మైక్రోస్కేల్ లిక్విడ్ డెకాల్ ఫిల్మ్ గానీ, పల్చటి గ్లాసీ లాకర్ గానీ వేసి ఆరాక, ఒక్కో గుర్తును అంచుకు దగ్గరగా కోసుకోవాలి. పొర పసుపెక్కితే షీట్‌ను కిటికీ అద్దం లోపలివైపు, బొమ్మ ఎండవైపు ఉండేలా టేపుతో అతికించి కొన్ని రోజులు వదిలితే చాలావరకు తెల్లబడుతుంది.

గుర్తుల కొలతలు తెలిసి ఉంటే కిట్ షీట్ నమ్మదగ్గదో కాదో తేలిపోతుంది. బాడీ పక్కన ఉండే సీ1 రకం రోండెల్ (వలయాల గుండ్రటి గుర్తు) 36 అంగుళాలు, మోడల్‌లో 12.7 మిల్లీమీటర్లు. స్క్వాడ్రన్ అక్షరాలు సాధారణంగా 24 అంగుళాల ఎత్తు, అంటే 8.5 మిల్లీమీటర్లు. రెక్కల పైన ఎరుపు, నీలం మాత్రమే ఉన్న బీ రకం. రోండెల్ మధ్య ఎరుపు చుక్క పక్కకు జరిగి అచ్చయిన షీట్లు చాలా ఉంటాయి. అలాంటప్పుడు వేరే షీట్‌లోని ఎరుపు చుక్కను పంచ్‌తో కొట్టి, మొదటిది అతికి ఆరాక పైన మధ్యలో కూర్చోబెట్టండి. ఆగ్నేయాసియా రంగంలో ఎగిరిన స్పిట్‌ఫైర్ చేయాలనుకునేవాళ్లు గమనించాలి: జపాన్ సూర్యబింబంతో పొరబడకుండా అక్కడి రోండెల్స్‌లో ఎరుపు తీసేశారు. భారత వైమానిక దళం నడిపిన మార్క్ 8 విమానాలకూ యుద్ధకాలంలో ఆ గుర్తులే. కాబట్టి యూరప్ మార్క్ 9 షీట్ వాటికి పనికిరాదు.

అతికించే పద్ధతి ఇది. గుర్తును కోసి, పట్టకారుతో గోరువెచ్చటి నీళ్లలో పదిహేను, ఇరవై సెకన్లు ముంచి తీసి, టిష్యూ మీద నిమిషం ఉంచండి. నీళ్లలోనే వదిలేస్తే జిగురు కడుక్కుపోతుంది. ఈలోపు మోడల్ మీద అది కూర్చునే చోట డెకాల్ పట్టుకునేలా చేసే ద్రవం, మైక్రో సెట్ లేదా మార్క్ సెట్టర్, పూయండి. కాగితాన్ని ఆ చోటికే తీసుకెళ్లి, తడి కుంచెతో గుర్తును కాగితం మీంచి మోడల్ మీదికి జార్చండి. కుంచెతోనే స్థానం సరిచేసి, తడిపి పిండిన ఇయర్‌బడ్‌ను మధ్యలోంచి అంచుల వైపు దొర్లిస్తూ కింది నీళ్లను బయటికి తోయండి. రుద్దకూడదు, దొర్లించాలి.

పది నిమిషాలాగి డెకాల్‌ను మెత్తబరిచే ద్రవం, మైక్రో సోల్ లేదా మార్క్ సాఫ్టర్, పైన పూయండి. ఇక్కడే కొత్తవాళ్ల గుండె జారుతుంది. నిమిషంలోపే రెక్క మీది రోండెల్ కాలిన అప్పడంలా ముడతలు పడి లేస్తుంది. చేయి పెట్టకండి. ఆ ద్రవం పొరను మెత్తబరుస్తోంది, మెత్తబడ్డ పొర ముందు ఉబ్బుతుంది, ఆరేకొద్దీ బిగుసుకుని కింద ఉన్న ప్యానెల్ లైన్లోకి దిగుతుంది. ముడతను కుంచెతో సరిచేద్దామని తాకితే తడి కాగితంలా చిరుగుతుంది. గంట ఆగి చూడండి. గీతలోకి దిగకపోతే ఇంకోసారి పూయండి, అవసరమైతే మూడోసారి. అప్పటికీ గీత మీద డేరాలా నిలబడితే, కొత్త బ్లేడు మొనతో గీత వెంట సన్నగా కోసి మళ్లీ సాఫ్టర్ వేయండి.

వెండి మెరుపు అలాగే ఉంటే సన్న సూదితో ఆ చోట ఐదారు పోట్లు పొడిచి, సాఫ్టర్ అద్దితే గాలి వెళ్లిపోతుంది. చిరిగితే ముక్కలు తడిగా ఉండగానే దగ్గరకు జరిపి, ఆరాక అదే రంగును సన్నకుంచెతో అద్దండి. రంగు కలిపి చూసేటప్పుడు తడి రంగుతో పోల్చకండి, ఆరితే ఛాయ మారుతుంది.

అన్నీ అయ్యాక మర్నాడు తడి గుడ్డతో మోడల్ అంతా తుడవాలి. మిగిలిపోయిన జిగురు ఎండితే గోధుమరంగు మరకలు పడతాయి. తర్వాత ఇంకో పల్చటి గ్లాసీ కోట్ వేసి డెకాల్స్‌ను మూసేయండి.

వాష్, మ్యాట్ కోట్, గాజు మూత

వాష్ అంటే గీతల్లోకి పాకించే పల్చటి ముదురు రంగు. ప్యానెల్ లైన్లకు నలుపు, బర్న్ట్ అంబర్ ఆయిల్ రంగులు కలిపి, వాసన లేని టర్పెంటైన్‌లో టీ డికాక్షన్‌లా పల్చన చేయండి. సన్నకుంచె మొనతో గీతను తాకిస్తే చాలు, అదే పాకుతుంది. అరగంట తర్వాత గాలి వీచే దిశలో, అంటే ముక్కు నుంచి తోకవైపు, టిష్యూతో తుడవండి. చక్రాల గుంటల్లో, రెక్క మూలల్లో వాష్ మడుగు కట్టనివ్వద్దు. ఒత్తిడిలో ఉన్న అతుకుల్లో టర్పెంటైన్ నిలిస్తే ప్లాస్టిక్ పగులుతుంది.

మ్యాట్ కోట్‌కు తమియా ఎక్స్‌ఎఫ్-86. ఎక్స్-21 ఫ్లాట్ బేస్ సొంతంగా పూసేది కాదు, వేరే రంగులో కొద్దిగా కలిపేది. ఎక్కువైతే విమానం మీద పిండి చల్లినట్టు తెల్లబడుతుంది. అలా అయితే తుడవబోకండి. పైన గ్లాసీ కోట్ తడిగా వేస్తే తెలుపు మాయమవుతుంది, ఆరాక సరైన పాళ్లలో మళ్లీ మ్యాట్ వేయొచ్చు.

గాజు మూతకు ఫెవిక్విక్ వద్దు, దాని ఆవిరి లోపల తెల్లటి పొగలా పేరుకుంటుంది. ఫెవికోల్ చాలు, ఆరితే పారదర్శకం, తప్పు జరిగితే నీళ్లతో ఊడుతుంది. మూత చట్రాలకు ముందు లోపలి ఆకుపచ్చ, హంబ్రాల్ 78, ఆ తర్వాత పై రంగు వేస్తే లోపలి నుంచి చూసినా నిజంగా ఉంటుంది. గీత పడితే 2000, 3000 కాగితాలతో తడిగా రుద్ది, కారు రబ్బింగ్ కాంపౌండ్ మెత్తటి గుడ్డకు అద్ది మెరుగు పెట్టండి.

మూత మీది టేపు మ్యాట్ కోట్ పూర్తిగా ఆరాకే తీయాలి. అంచు వెంట కొత్త బ్లేడును ఒత్తిడి లేకుండా ఒకసారి తిప్పి, టూత్‌పిక్ మొనతో మూల లేపి లాగండి. కిందికి రంగు జారిన చోట బ్లేడుతో గీకకండి. మొన చెక్కిన టూత్‌పిక్‌ను ఐసోప్రొపైల్‌లో ముంచి తోస్తే తమియా రంగు గాజుకు గీత పడకుండా వదులుతుంది. మ్యాట్ కోట్ తర్వాత వెండి మెరుపు బయటపడ్డ డెకాల్ ఒకటో రెండో ఉంటే, అదే సూది, అదే సాఫ్టర్. పూర్తిగా ఆరాక ఆ చోట మాత్రం దూరం నుంచి పల్చగా మ్యాట్ కొట్టండి.